సద్దిమూటలు కట్టుకొని వచ్చినవాళ్లు

సంక్రాంతి వెళ్లిందంటే పుల్లలచెరువు మండలంలో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలు మొదలవుతాయి గనక ఆటోలు, మినీ లారీలు తెల్లారకముందే ఊరి మొదట్లో వచ్చి నిలబడతాయి. బియ్యం మూట, రెండు గిన్నెలు, దుప్పట్లు, ఒక పట్టా సర్దుకొని ఆలుమగలు ఎక్కుతారు. పాలు తాగే బిడ్డ ఉంటే వెంట వస్తుంది, బడికెళ్లే బిడ్డ ఉంటే నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఆగిపోతుంది. కోతలు అయ్యేదాకా వాళ్ల కాపురం ఎవరిదో పొలం గట్టు మీదే.

ఇది నల్లమల అంచున ఉన్న మెట్ట ప్రాంతం. వాన పడితే కంది, పత్తి, మిరప, పడకపోతే అప్పు. ఎర్రగొండపాలెం నుంచి కనిగిరి దాకా ఎన్నో ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్. నలభై ఏళ్లకే మోకాళ్లు పట్టేసినవాళ్లు, వంగిన నడుములు ఇక్కడ కొత్త కాదు. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల్లోంచి కృష్ణా నీళ్లు వస్తాయని ఒక తరం ఎదురుచూసి వెళ్లిపోయింది, రెండో తరం ఎదురుచూస్తోంది. ఈ ఊళ్ల దళిత పల్లెల్లో చిన్నదో పెద్దదో ఒక మందిరం ఉంటుంది. ఆదివారం మైకు మోగుతుంది, శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతుంది.

జీవితంలో కష్టం వచ్చినప్పుడు క్రైస్తవుడికి ఉన్న ఆత్మీయ బలాలేమిటని అడిగితే ఆదివారం బడి పిల్లవాడు కూడా చెబుతాడు: ప్రార్థన, వాక్యం, సంఘం. తప్పేమీ లేదు. కానీ పుల్లలచెరువు లాంటి చోట ఆ జవాబును ఇంకో ప్రశ్న పెట్టి పరీక్షించాలి. మిరప కోతలకు బయలుదేరిన ఆటోలోకి వీటిలో ఏది ఎక్కుతుంది? మందిరం ఎక్కదు. మైకు ఎక్కదు. పాస్టరు గారు కూడా సాధారణంగా ఎక్కరు. మరి మనిషి వెంట వెళ్లేదేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు ఈ ప్రాంత చరిత్రలోనే ఉంది.

కనిగిరి ప్రాంతంలో తాళ్లకొండపాడు అనే ఊరు. అక్కడ ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు తోళ్ల వ్యాపారం చేసేవాడు. చదువు లేదు గానీ దేవుణ్ణి తెలుసుకోవాలనే తపన తీవ్రంగా ఉండేది. బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. గంటల తరబడి కదలకుండా కూర్చొని మనసు నిలపడం అభ్యాసం చేశాడు, తన తోటివాళ్లకూ నేర్పాడు. తోళ్ల బేరం మీద ఉత్తరానికి, గోదావరి జిల్లాల వైపు వెళ్లినప్పుడు అక్కడ మిషనరీల నోట యేసు సంగతి విన్నాడు. 1866లో లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ ఆయనకు బాప్తిస్మం ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టారు. ఆయన్ని తమ ఊరికి రమ్మని పట్టుపట్టినవాడు ఈ పేరయ్యే.

1867 జనవరిలో క్లౌ నలభై మైళ్లు ప్రయాణం చేసి తాళ్లకొండపాడు చేరారు. చింతతోపులో డేరా. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముప్పై నలభై మంది అప్పటికే వచ్చి కూర్చున్నారు. వాళ్ల చేతుల్లో సద్దిమూటలు, మార్చుకోవడానికి బట్టలు. ఎన్ని రోజులైనా సరే, సంగతి పూర్తిగా తెలుసుకొని గానీ వెళ్లమని వాళ్లు తయారై వచ్చారు. అయిదు రోజులు చెట్టు కింద వినడం, అడగడం, ప్రార్థించడం. జనవరి 20న ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ మూటల దగ్గర కాస్త ఆగాలి. కూలి మానుకుంటే ఆ పూట పొయ్యి వెలగని మనుషులు వాళ్లు. అయినా అయిదు రోజుల తిండి ఎలాగో కూడబెట్టి మూట కట్టుకొని వచ్చారంటే వాళ్ల ఆకలి ఇంకెక్కడో ఉంది. వాళ్లలో చాలామందికి చదువు రాదు గనక తిరిగి వెళ్లేటప్పుడు పుస్తకం మీద ఆధారపడే వీల్లేదు. విన్న మాట, నోటికి వచ్చిన ప్రార్థన, పక్కన నడుస్తున్న మనిషి. ఆ మూడే ఊరికి చేరాయి.

చేరగానే పరీక్ష మొదలైంది. చచ్చిన గొడ్డు మాంసం తినం, గ్రామదేవతల జాతరకు డప్పు కొట్టం, ఆదివారం వెట్టి చెయ్యం అన్నారు. ఊరు ఊరుకోలేదు. పని ఇవ్వలేదు, బావి దగ్గరికి రానివ్వలేదు. నీళ్లకు కటకటలాడే మెట్టలో బావి మూసెయ్యడమంటే ఎంత శిక్షో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో నిలబడిన కుటుంబాలు ఒంటరిగా నిలబడలేదు. ఒక పల్లెలో నాలుగు గడపలుంటే ఆ నాలుగూ సాయంత్రం ఒకచోట కూడేవి. ఒకరి కుండలో ఉన్నది ఇంకొకరికి చేరేది. సంఘం అనే మాటకు ఇక్కడ భవనం కంటే ముందు అర్థం ఇదే.

పదేళ్లు తిరక్కుండానే అసలు కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ మహాకరువులో దేశం మొత్తం మీద యాభై లక్షల మందికి పైగా చనిపోయారు. అందులో పెద్ద భాగం మద్రాసు రాజధానిలోనే. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది గానీ 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా లేదు. రోజంతా మట్టి తవ్వే మనిషికి ఆ గింజలు చాలవని ప్రభుత్వ వైద్యాధికారి డబ్ల్యు.ఆర్. కార్నిష్ గట్టిగా వాదించారు కూడా.

సముద్రం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనుల్లో ఒకటి. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ, మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తనే తీసుకున్నారు. రాజుపాలెం దగ్గర మకాం పెట్టించి, తెలుగు ప్రసంగీకుల్ని మేస్త్రీలుగా నిలబెట్టారు. వేరే పనుల దగ్గర కూలీల్ని కొట్టే, తిట్టే, కూలిలో కోతపెట్టే మేస్త్రీలుంటే ఇక్కడ తమ భాష మాట్లాడే, తమ కులంలోనే పుట్టిన మనుషులు లెక్క రాశారు. మధ్యాహ్నం తట్ట దించి కూర్చున్నప్పుడు ఆ ప్రసంగీకులే పక్కన కూర్చొని మాట్లాడారు. ఎక్కువగా చెప్పింది మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో, బరువు మోసి అలసిన వాళ్లను యేసు తన దగ్గరికి పిలిచి విశ్రాంతి ఇస్తానన్న సంగతి. నెత్తి మీద తట్ట ఇప్పుడే దించిన మనిషికి ఆ మాట మీద వ్యాఖ్యానం అవసరం లేదు. మళ్లీ చెప్పమని అడిగేవాళ్లు. చెబుతూనే ఉన్నారు.

ఇక్కడ ఒక సంగతిని రచయితలు తేలిగ్గా దాటిపోతుంటారు. కరువు రోజుల్లో పదిహేను నెలలపాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. కరువు సాయం ముగిసింది, ఇక పంచడానికి డబ్బు లేదని 1878 వేసవిలో ఆయన బాహాటంగానే చెప్పారు. అయినా జనం వెళ్లలేదు. సాయం వద్దన్నారు. పని చేసి కాయలు కాసిన అరచేతులు చూపించారు. పంట మళ్లీ పోతే చచ్చిపోతామేమో గానీ క్రైస్తవులుగానే చస్తామన్నారని ఆయన తర్వాత రాసుకున్నారు.

ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న రెండువేల రెండువందల ఇరవై రెండు మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు ప్రసంగీకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, ఎండెక్కాక ఆపి, మళ్లీ మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం అయిదు దాకా. క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు. ముందు రోజు, తర్వాత రోజు కలిపితే మూడు రోజుల్లో 3,536 మంది. ఆ సంవత్సరాంతానికి 9,606. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి మార్కాపురం పొలిమేరల మీదుగా వెళ్లే గుండ్లకమ్మే ఆ నది. ఇప్పుడు ఒంగోలుకు పడమట కంభం, మార్కాపురం, దొనకొండ, పొదిలి, కనిగిరి, అవతల వినుకొండ దాకా బాప్టిస్టు సంఘాలు విస్తరించాయంటే వాటి మూలం ఆ కరువు ఏళ్లలో ఉంది.

ఈ లెక్కల్ని విజయగాథగా చెప్పడం సులువు. కానీ ఆ నదిలో దిగిన ఎన్నో కుటుంబాల వెనక ఎవరో ఒకరి శవం ఉంది. కలరా, మశూచి, ఆకలి. తల్లిని దారిలో వదిలి వచ్చినవాళ్లు, బిడ్డను పూడ్చి వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ దుఃఖం నీళ్లలో కొట్టుకుపోలేదు. దుఃఖం ఉండగానే దేవుడితో మాట్లాడవచ్చని వాళ్లకు తెలిసింది. క్రైస్తవ విశ్వాసంలో ఉన్న అతి పెద్ద బలాల్లో ఇది ఒకటి, ఈ రోజుల్లో మనం ఎక్కువగా పోగొట్టుకుంటున్నదీ ఇదే.

బైబిల్లో కీర్తనల గ్రంథంలో నూట యాభై కీర్తనలున్నాయి. స్తుతి పాటలకంటే మొరపెట్టే పాటలే అందులో ఎక్కువ. ఎనభై ఎనిమిదో కీర్తనైతే చివరి మాట దాకా చీకట్లోనే నడుస్తుంది. ఎక్కడా వెలుగు కనిపించదు, అయినా అది ప్రార్థనే. నూట ముప్పై ఏడో కీర్తన సొంత ఊరు పోగొట్టుకొని పరాయి దేశంలో నది ఒడ్డున ఏడుస్తున్నవాళ్లది. సిలువ మీద యేసు నోట వచ్చింది ఇరవై రెండో కీర్తన మొదటి మాట. దేవుడు నన్నెందుకు విడిచాడన్న ఆ ప్రశ్న ఆయన చిన్నప్పటి నుంచి నేర్చుకున్న పాటలోనిది. ప్రాణం పోయే గడియలో కొత్త మాటలు రావు, కంఠస్థంగా ఉన్నవే వస్తాయి.

తెలుగు సంఘాలకు ఈ కంఠస్థ విద్య బాగా తెలుసు. 1803లో పుట్టి 1890 దాకా జీవించిన పురుషోత్తమ చౌదరి లాంటి కవులు క్రైస్తవ కీర్తనల్ని మన రాగాల్లో, మన తాళాల్లో రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇప్పటికీ పాట మీద రాగం పేరు, తాళం పేరు అచ్చువేస్తుంది. అక్షరం రాని అవ్వలకు ఆ పుస్తకంలో యాభై అరవై పాటలు పల్లవి నుంచి చివరి చరణం దాకా వస్తాయి. పొలంలో ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. చేతులు మిరపకాయలు కోస్తూనే ఉంటాయి. ఘాటుకు కళ్లు మండుతుంటాయి, వేళ్లు భగ్గుమంటుంటాయి, పాట మాత్రం ఆగదు. ఈ బలం ఆటో ఎక్కుతుంది. ఛార్జింగు అక్కర్లేదు, సిగ్నలు అక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్లో పాటలు వింటున్నారు, మంచిదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి మందిరాలు మూతపడ్డప్పుడు వాక్యం ఇంటికి చేర్చింది ఆ ఫోన్లే. అయితే వినడం వేరు, వచ్చి ఉండడం వేరు. ఇప్పటి పాటలు నెలకొకటి మారిపోతున్నాయి. మూడు చరణాలు గుర్తుపెట్టుకునేలోపే ఇంకో పాట వస్తోంది. పదేళ్ల పిల్లకు పది పాటలు, నాలుగు కీర్తనలు, పరలోక ప్రార్థన తడుముకోకుండా వచ్చేలా నేర్పడం కంటే ఆదివారం బడి చెయ్యగల పెద్ద పని లేదు. రేపు ఆ పిల్ల హైదరాబాదులో హాస్టల్లో ఉన్నా, గల్ఫులో ఎవరింట్లోనో వంట చేస్తున్నా, అవి ఆమె దగ్గరే ఉంటాయి.

పాట కూడా నోట రాని రోజులుంటాయి. అందుకు బైబిల్లో ఏలీయా సంగతి ఉంది. మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం. కరువు ఏళ్ల ప్రవక్త. రాణి చంపుతానంటే పారిపోయి అడవిలో ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? బోధ చెయ్యలేదు. విశ్వాసం తక్కువైందని గద్దించలేదు. పడుకోనిచ్చాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు పెట్టి లేపాడు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ పెట్టాడు. మాట ఆ తర్వాత, చాలా దూరం నడిచాక వచ్చింది.

పత్తి పోయి, బోరు ఎండి, వడ్డీ పెరిగి, పురుగు మందు డబ్బా వైపు చూసే రైతు దగ్గరికి వెళ్లే ప్రతి సంఘ పెద్దా ఈ అధ్యాయం చదివి వెళ్లాలి. ఇలాంటి చోట కొందరు బోధకులు చేస్తున్న హాని చెప్పక తప్పదు. జబ్బు తగ్గలేదంటే నీ విశ్వాసం తక్కువ, అప్పు తీరలేదంటే నీ కానుక తక్కువ అని సభల్లో చెప్పేవాళ్లున్నారు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఆపేసి ప్రార్థన నూనె సీసా తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఇది మన పెద్దల దారి కాదు. ప్రార్థించిన చేతులే ఒంగోలులో క్లౌ స్మారక ఆసుపత్రి కట్టాయి. మనసు బాగా కుంగి, బతకాలనిపించని మనిషి కనబడితే పక్కన కూర్చోవాలి, అన్నం పెట్టాలి, మందు డబ్బా అందకుండా తియ్యాలి, టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి ఇవ్వాలి. ఆ ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇవన్నీ చేస్తూ ప్రార్థన చేస్తే ఏలీయాకు దేవదూత చేసినట్టే.

చెప్పుకోవడానికి చాలామంది జంకే కష్టం ఇంకొకటి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉంటారు. పేరయ్య వారసులకు ఊళ్లో అంటరానితనం మారలేదు, కాగితం మీద మాత్రం మారింది. బిడ్డ చదువు కోసం ఒక మాట, మందిరంలో ఒక మాట చెప్పుకోవాల్సి వచ్చిన తల్లిదండ్రుల్ని వేదిక మీద నుంచి నిందించడం ఎవరికీ తగదు. ఆ గుబులు తెచ్చి సంఘంలో దించుకోగలిగితే, పెద్దలు దాన్ని విని, చట్టం తెలిసినవాళ్లతో కలిపి ఆలోచిస్తే, అదీ ఒకరి భారం ఒకరు మొయ్యడమే.

వెంటనే తీరని ఇలాంటి కష్టాల్లో కావాల్సిన ఇంకో బలం ఎదురుచూడగలగడం. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీదికి అయిదుగురు ఎక్కారు. జ్యూయెట్, ఆయన భార్య, తెలుగువాళ్లు ముగ్గురు: నర్సు, జూలియా, రూతు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కు పద్దెనిమిదేళ్లు. పెద్దగా ఫలితం లేదు, మూసెయ్యాలా అని అమెరికాలో చర్చ కూడా జరిగింది. ఆ చలిలో ఆ అయిదుగురు ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించి దిగివచ్చారు. క్లౌ ఒంగోలు వచ్చేసరికి పన్నెండేళ్లు పట్టింది. దాన్ని ఇప్పుడు ప్రార్థన కొండ అంటారు. పన్నెండేళ్లు ఆగడం తేలిక కాదు. నీళ్ల కోసం రెండు తరాలు ఎదురుచూసిన మెట్ట మనుషులకు అది బహుశా బాగా అర్థమవుతుంది. ఎదురుచూసే మనిషి చేతులు ముడుచుకోడు. వానొస్తుందో రాదో తెలియకుండానే దుక్కి దున్నుతాడు, విత్తనం సిద్ధం చేసుకుంటాడు.

అందుకే ఈ ఏడాది కోతలకు ఆటోలు కదలకముందే పల్లె సంఘాలు చెయ్యగల పనులు కొన్ని ఉన్నాయి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు అందరూ ఊళ్లోనే ఉంటారు. ఏ కుటుంబం ఏ ఊరికి వెళుతుందో ఆ రాత్రే ఒక నోటు పుస్తకంలో రాసుకోవచ్చు. ఆ ఊళ్లో దగ్గరి మందిరం ఏదో కనుక్కొని అక్కడి పాస్టరు గారికి ముందుగా ఫోన్ చేసి చెప్పవచ్చు. ఒకే పొలానికి వెళ్లే మూడు నాలుగు కుటుంబాలను కలిపి, సాయంత్రం పది నిమిషాల ప్రార్థన ఎవరు నడపాలో వాళ్లలో ఒకరికి అప్పజెప్పవచ్చు. చదువు లేకపోయినా పాటలు వచ్చిన అమ్మ అయితే ఇంకా మేలు. ఊళ్లో మిగిలిన ముసలివాళ్ల దగ్గరికి వారానికోసారి వెళ్లి, మందులున్నాయా, మంచినీళ్ల క్యాను ఎవరు మోసిపెడుతున్నారు అని స్త్రీల సమాజం అడగవచ్చు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు పక్కకు తీసి ఆదివారం మందిరానికి తెచ్చే పాత అలవాటు ఇంకా ఉన్న చోట, ఆ బియ్యం ముందు ఈ గడపలకే వెళ్లాలి.

తల్లిదండ్రులతో వలస వెళ్లకుండా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెడుతుంటారు. మండల విద్యాశాఖ అధికారికి అర్జీ ఇవ్వాల్సింది పిల్లలు వెళ్లిపోయాక కాదు, అంతకుముందే. ఆ నోటు పుస్తకంలో పిల్లల పేర్లు, వయసు, తరగతి కూడా రాసి ఉంటే, సంఘ పెద్ద ఒకరు బడి ప్రధానోపాధ్యాయుల్ని వెంటబెట్టుకొని జనవరి మొదటి వారంలోనే ఆ కార్యాలయానికి వెళ్లవచ్చు.